ముసల్దాని దాహం

షావుకారు చేతిలో ఆ ఉదయానికి ఉన్నవి ఇవి: ముప్పై రెండు వేలు రొక్కం, కొట్టు వెనక గదిలో ఏళ్ళ తరబడి అమ్ముడుపోని సరుకు, నెలాఖరుకి ఇరవై ఆరు రోజులు, రెండేళ్ళుగా తనతో మాటల్లేని బావ ఒకడు.

రొక్కం కొత్త తూకం మిషను కోసం దాచింది. ఇనప సామాన్ల కొట్టులో తూకమే అసలు దేవుడు కాబట్టి, మిషనమ్మేవాడితో గంట నుంచీ బేరం నడుస్తోంది. సరిగ్గా అప్పుడే అక్క వచ్చింది. బేరం మధ్యలో ఉన్న తమ్ముణ్ణి కదిలించకూడదని ఆవిడకి తెలుసు. అయినా చేతిలోని కాగితం తెచ్చి పాత తక్కెడ పళ్ళెంలో పెట్టింది.

"ఏంటక్కా ఇది?"

"చదువు. ఇంట్లో పదో తరగతి దాటింది నువ్వొక్కడివేగా."

రేవు ఆఫీసు నోటీసు. ఒడ్డున వాడకం లేకుండా పడి ఉన్న పడవల్ని నెలాఖరులోగా నీళ్ళలో దింపాలి. అవి తేలాలి, సొంత ఇంజనుతో రేవు ముఖద్వారం దగ్గర తేలే ఎర్ర పీపా దాకా వెళ్ళి తిరిగి రావాలి. లేకపోతే ఆఫీసే వాటిని ముక్కలు చేయించి, ఆ కూలి కూడా సొంతదారు దగ్గర వసూలు చేస్తుంది.

"బావేమన్నాడు?"

"ముక్కలు చేసుకోమన్నాడు. పీడా పోతుందన్నాడు. అని, నిన్నట్నుంచీ సరిగ్గా తిండి తినలేదు."

"నన్నేం చెయ్యమంటావు? నా మొహం కనిపిస్తే గోడవైపు తిరుగుతాడు."

"నీ మొహం ఎవడిక్కావాలి, పడవ బాగుచెయ్యి. ఒరేయ్, రెండేళ్ళుగా ఆ మనిషిని ఇంట్లో పెట్టుకుని నేను పడే పాట్లు నీకేం తెలుసు? కుర్చీలో కూర్చుని నాకు వంట నేర్పుతున్నాడు. గిన్నెల్ని బరువు చూసి సర్దాలట, లేకపోతే అలమర ఒక పక్కకి ఒరుగుతుందట. నాకు ఆయన సముద్రం మీద కావాలిరా, వంటింట్లో కాదు."

నవ్వుతూ మొదలుపెట్టిన ఆవిడ, చివరికొచ్చేసరికి పక్కకి తిరిగి తాళాల గుత్తులు చూస్తున్నట్టు నిలబడింది. షావుకారు మిషనమ్మేవాడికి వచ్చే ఏడు కనపడమని చెప్పి పంపించేశాడు.

బావతో మాటలు పోవడం వెనక పెద్ద కథేం లేదు. రెండేళ్ళ కిందట బావ తడి గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రిలో షావుకారు చెయ్యాల్సినవన్నీ చేశాడు. ఒక్క పని మాత్రం ఎక్కువ చేశాడు. పాత సామాన్ల వ్యాపారిని తీసుకెళ్ళి పడవకి ధర కట్టించాడు. పద్దెనిమిది వేలు. ఎండలో పడి ఉన్న చెక్కకి రోజు గడిచే కొద్దీ విలువ తరుగుతుంది, ఇప్పుడే అమ్మడం మేలు అని మంచం పక్కన కూర్చుని వివరంగా చెప్పాడు. బావ అంతా విని అక్కవైపు తిరిగి, "మీ తమ్ముణ్ణి ఇంటికెళ్ళమను" అన్నాడు. అప్పట్నుంచీ ఎదురెదురుగా కూర్చున్నా సరే, ఏం చెప్పాలన్నా అక్క ద్వారానే. ఆ లెక్క షావుకారుకి ఇప్పటికీ తేలలేదు. ధరలో తప్పు లేదు. తరుగులో తప్పు లేదు. కూడిక ఎక్కడ తప్పిందో మాత్రం దొరకదు.

రేవు వెనక పెరట్లో పడవ పక్కకి ఒరిగి ఉంది. ఇరవై నాలుగు అడుగుల చెక్క పడవ. బావ దాన్ని 'ముసల్ది' అని పిలిచేవాడు, కొత్తగా ఉన్నప్పుడు కూడా. రెండు వేసవుల ఎండకి పలకలు ఎండి కుంచించుకుపోయి, సందుల్లోంచి అవతలి గోడ కనిపిస్తోంది. నాలుగు పలకలు వేలు పెడితే పొడిపొడిగా రాలిపోయాయి. ఇంజను ఉండాల్సిన చోట పిల్లి ఒకటి సంసారం పెట్టింది.

పడవల వడ్రంగి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, కర్రతో అక్కడా ఇక్కడా కొట్టి చెవి పెట్టి విన్నాడు. "ఎముకలు గట్టివే షావుకారూ. చర్మమే పోయింది."

"ఎంతవుతుంది?"

"కొత్త టేకు, కొత్త ఇంజను వేస్తే లక్షన్నర."

"పాత చెక్క, పాత ఇంజను, తిట్టుకుంటూ పనిచేసే నువ్వు?"

వడ్రంగి నవ్వాడు. "దానికి మాత్రం మీరే లెక్క కట్టాలి."

లెక్క కట్టడంలో షావుకారుని మించినవాడు లేడు. బడివాళ్ళు పాత బెంచీలు వేలం వేస్తున్నారని తెలిసి, బరువు లెక్కన కొనుక్కొచ్చాడు. ముప్పై ఏళ్ళు పిల్లల బరువు మోసిన చెక్క, పురుగన్నది ఎరగదు. ఒక పలక మీద ఎవడో లెక్కల మాస్టారి బొమ్మ చెక్కాడు, రెండు కొమ్ములతో సహా. దాన్ని చిత్రిక పట్టబోతుంటే షావుకారు ఆపాడు. "ఉంచు. పడవలో లెక్క తెలిసినవాడు ఒకడుండాలి." మాస్టారు ముందు భాగంలో, లోపలివైపు స్థిరపడ్డాడు. మూతబడిన పిండిమర నుంచి ఇంజను పదకొండు వేలకి వచ్చింది. తిప్పితే తుమ్మి, తెల్లటి పొగ వదిలి, పక్కనున్న అందరినీ పిండిలో ముంచిన వడల్లా చేసి మరీ నడిచింది. రంగుల కొట్టువాడి దగ్గర ఎవరో పెళ్ళికూతురి గదికి కలిపించుకుని, పెళ్ళికూతురు ఏడిస్తే వెనక్కిచ్చిన వంకాయ రంగు రెండు డబ్బాలు ఆరు వందలకి దొరికింది.

రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి అక్క ఇంటికి వెళ్ళేవాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, వరండాలో ఉన్న బావకి వినపడేలా అక్కకి చెప్పేవాడు.

"ఇవాళ రెండు పలకలు బిగించాం అక్కా. ఇనప మేకులు, మన కొట్టువే."

వరండాలోంచి గొంతు వచ్చింది. "ఏమే, ఇనప మేకులు ఉప్పునీళ్ళలో ఆర్నెల్లు బతకవని ఎవడో గాడిదకి చెప్పు. రాగివి కొట్టాలి."

"ఎవరికి చెప్పమంటారు?" అంది అక్క.

"ఎవడు కొడితే వాడికి."

మర్నాడు మేకులన్నీ పీకించి రాగివి కొట్టించాడు షావుకారు. మూడు వేల ఎనిమిది వందలు బొక్క. అయినా ఇంటికెళుతూ దారిలో ఈల వేశాడు. గాడిద అన్నది తననే కదా. రెండేళ్ళలో బావ అతన్ని తిట్టిన మొదటి తిట్టు అది.

పదిహేనో రోజుకి చెక్కపని అయిపోయింది. ఇక మిగిలింది సందులు పూడ్చడం. వడ్రంగి నూనెలో నానబెట్టిన నూలు పోగులు చూపించాడు. "ఒక్కో సందులో రెండు పోగులు, అంతే. గట్టిగా దట్టించకూడదు. దింపిన మొదటి రెండు రోజులూ నీళ్ళు వస్తాయి. రానివ్వాలి. ఈ పని నాకు నాలుగు రోజులు."

షావుకారు మనసులో ఆ మాటని తక్కెడలో వేశాడు. నాలుగు రోజుల కూలి. పైగా పని అయ్యాక కూడా కారుతుందట. కారితే మళ్ళీ పిలవాలి, మళ్ళీ కూలి. ఏ పనివాడైనా చెప్పే మాటే. ముప్పై ఏళ్ళలో అతని కొట్టులో కొన్న బకెట్టు కారిందని ఒక్కడు వెనక్కి తేలేదు, తన చేత్తో చేయించిన పడవ కారుతుందా? వెనక గదిలో పదహారు డబ్బాల లప్పం ఉంది. ఆరితే రాయిలా గట్టిపడే సరుకు. మరీ గట్టిపడుతుందనే ఎవరూ కొనలేదు. వడ్రంగికి ఆ రోజుతో లెక్క చెల్లించి పంపేసి, చొక్కా విప్పి తనే దిగాడు. నాలుగు రోజులు వంగి, పాకి, పడుకుని, ప్రతి సందునీ అంచుదాకా కూరి, పైన వేలితో నున్నగా లాగాడు. ఆ నాలుగు రోజులూ అక్క ఇంటికి వెళ్ళలేదు. అంతా అయ్యాకే చెబుదామనుకున్నాడు.

నెలాఖరు ఇంకా ఏడు రోజులుందనగా, పొద్దున్నే పోటు సమయంలో చక్రాల బండి మీద ముసల్దాన్ని వాలు గట్టు మీంచి నీళ్ళలోకి దింపించాడు. వంకాయ రంగులో నిగనిగలాడుతూ తేలింది. లోపల అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. పొడి. పగలంతా అరగంటకోసారి వెళ్ళి తడిమాడు. పొడి. రేవులో ఎవరు కనపడితే వాళ్ళని పిలిచి తడిమించాడు.

సాయంత్రం నాలుగింటికే కొట్టు కట్టేసి అక్క ఇంటికి పరుగెత్తాడు.

"అక్కా, దింపేశాను! పొద్దున్నించీ నీళ్ళలో ఉంది. చుక్క నీరు రాలేదు, చుక్కంటే చుక్క!"

వరండాలో కుర్చీ కిర్రుమంది.

"ఏమే," అన్నాడు బావ. గొంతు మామూలుగా లేదు. "సందుల్లో ఏం పెట్టాడో అడుగు."

"లప్పమని చెప్పక్కా. మన కొట్టుదే, రాయిలా ఉంటుంది."

"ఎంత లోతు?"

"అంచుదాకా అని చెప్పక్కా. వేలు కూడా దూరదు."

గుమ్మంలో బావ కనిపించాడు. చేతికర్ర ఒక చేతిలో, చొక్కా ఇంకో చేతిలో. కళ్ళు తిన్నగా షావుకారు మీద ఉన్నాయి.

"ఒరేయ్! కొంప ముంచావు కదరా!"

"మునగలేదు బావా, అదేగా నేను చెబుతున్నది..."

"నోర్ముయ్! పద!"

అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండేళ్ళ తర్వాత ఆయన ఆమెను మధ్యలో పెట్టకుండా మాట్లాడాడు. గడప దాటి వీధిలోకి దిగాడు కూడా. ఈ రెంటిలో దేనికి ఆశ్చర్యపోవాలో ఆమెకి తోచలేదు.

రేవు దాకా బావ కుంటుకుంటూ నడిచాడు, దారి పొడుగునా తిట్టుకుంటూ వెళ్ళాడు. "ఎండిన చెక్క నీళ్ళలో పడితే తాగుతుంది. తాగి ఉబ్బుతుంది. ఉబ్బిన పలక జరగడానికి చోటు కావాలి. అందుకే నూలు. పలక ఉబ్బి దాన్ని నొక్కుకుని, తనంతట తనే సందు మూసుకుంటుంది. నువ్వు ఆ చోటంతా రాయి పెట్టి పూడ్చావు. ఇప్పుడది ఎటు పోవాలి? మేకులు పీక్కుని బయటికి పోతుంది. మొదటి రోజు కారిన పడవ మూడో రోజుకి ఆగుతుంది. మొదటి రోజు కారని పడవ మూడో రోజుకి విచ్చుకుంటుంది. రెండేళ్ళుగా దాహంతో ఉన్నదాని నోట్లో గుడ్డ కుక్కావు కదరా!"

"వడ్రంగి చెప్పాడు," అన్నాడు షావుకారు చిన్నగా.

"మరి?"

"కూలి కోసం చెప్పాడనుకున్నా."

పడవ దగ్గర బావ ఆగిపోయాడు. ముందు రంగు చూశాడు.

"ఇదేంట్రా?"

"వంకాయ."

"ముసల్దానికా?"

"ఆరు వందలకి వచ్చింది బావా."

బావ చేత్తో పలకల వెంట తడుముకుంటూ వెళ్ళాడు. మధ్యలో ఒక చోట ఆగి షావుకారు వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. రాగి మేకు తల గోరంత పైకి లేచి ఉంది. దాని పక్కది కూడా. లోపల ఎక్కడో చెక్క సన్నగా మూలిగింది. ఇరవై రోజుల పని, చేతిలోది దాటి చేసిన ఖర్చు, ఎల్లుండికి విచ్చుకుని రేవు అడుగున పడుకుంటుంది. ఆఫీసువాళ్ళు ముక్కలు చేసే శ్రమ కూడా ఉండదు.

"ఇంకెన్ని రోజులుంది?" అన్నాడు బావ.

"ఆరు."

"మూడు తియ్యడానికి, ఒకటి నూలుకి, రెండు తాగడానికి. చాలు. చాలకపోతే నిన్ను సందులో కూరతాను."

మర్నాడు పొద్దున పోటుకి ముసల్దాన్ని మళ్ళీ ఒడ్డుకి లాగించారు. వడ్రంగిని పిలవడానికి షావుకారే వెళ్ళాడు. వడ్రంగి తీరిగ్గా టీ తాగి, "రెండు పోగులని చెప్పానా?" అన్నాడు.

"చెప్పావు."

"గట్టిగా దట్టించొద్దన్నానా?"

"అన్నావు. ఎంతో చెప్పు."

"ఒకటిన్నర కూలి. కూలికి ఒకటి, చెప్పింది విననందుకు అర."

షావుకారు బేరమాడలేదు.

కొట్టులోని పాత స్క్రూడ్రైవర్ల కొసలు కాల్చి కొక్కేల్లా వంచుకుని ముగ్గురూ కూర్చున్నారు. రాయిలాంటి లప్పం గోరుముక్కల్లా లేస్తోంది. నాలుగు రోజుల్లో నింపినదాన్ని మూడు రోజుల్లో తీయాలి. బావ తిరగేసిన పీపా మీద కాలు చాచుకుని కూర్చుని, నిమిషానికి ఒకసారి షావుకారు పనిలో తప్పు పట్టేవాడు. అక్క మధ్యాహ్నం భోజనం పట్టుకొచ్చి, ఇద్దరి తిట్లూ విని నవ్వుకుంటూ వెళ్ళేది. రెండో రోజు వడ్రంగి తిండికి వెళ్ళినప్పుడు, చేతిలో పని ఆపకుండానే షావుకారు అడిగాడు.

"బావా, ఆ రోజు ఆస్పత్రిలో నేనన్నదాంట్లో తప్పేంటి? ధర మంచిదే కదా?"

"మంచిదే."

"మరి?"

బావ ఒక పెచ్చు ఊడదీసి, ఊది, పారేశాడు. "వ్యాపారిని తీసుకెళ్ళావు, తూకం వేయించావు, ధర కట్టించావు. నేను మళ్ళీ వెళ్ళాలనుకుంటున్నానా లేదా అని ఒక్కసారి అడిగావా?"

షావుకారు సందు గీకుతూనే అన్నాడు. "అడగలేదు. నువ్వు నడుస్తావో లేదో డాక్టరే చెప్పలేదు. అడిగితే 'ఇంక వెళ్ళను' అంటావేమోనని భయమేసింది. నీ నోటితో ఆ మాట వినడం కంటే అమ్మిపెట్టడం సులువనిపించింది."

బావ ఇటు చూడలేదు. "నేనూ అందుకే ఇటువైపు రాలేదు," అన్నాడు. "ఎండిపోయి ఉంటుందని తెలుసు." తర్వాత మామూలు గొంతుతో, "చూసి గీకరా, అంచు ఊడుతోంది" అని కసిరాడు.

నూలు పని బావ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. రెండు పోగులు, వాటిమీద మైనం పూత, అంతే. రెండు రోజులుందనగా దింపారు. దింపిన క్షణం నుంచీ ముసల్ది నాలుగు వైపుల నుంచీ నీళ్ళు పీల్చింది. బెంచీ పలకలు, పాత పలకలు అన్న తేడా లేకుండా ప్రతి సందూ ఊరింది. ముందు భాగంలో లెక్కల మాస్టారు కొమ్ములదాకా మునిగాడు. షావుకారు బకెట్టు కోసం పరుగెత్తాడు. బావ మాత్రం గట్టు మీద కూర్చుని, బిడ్డ పాలు తాగుతుంటే చూసే తల్లిలా చూస్తున్నాడు.

"తాగనీ. నువ్వు తోడుతూ ఉండు."

రెండు రోజులు వంతులవారీగా తోడారు. రాత్రిళ్ళు ఆ పని కొట్టులోని మోటారు పంపుకి వదిలారు. ఆఖరి రోజు పది గంటలకి రేవు ఆఫీసరు అట్ట పట్టుకుని వచ్చాడు. పడవలోకి వంగి చూశాడు. చీలమండల దాకా నీళ్ళు, అందులో ప్యాంటు మడుచుకుని, బకెట్టు పట్టుకుని షావుకారు.

"ఇది మునిగిపోతోంది కదండీ!"

"ఉబ్బుతోంది," అన్నాడు బావ.

"నాకు నీళ్ళు కనపడుతున్నాయి."

"దానికి దాహం వేసింది సార్. మీరు రెండేళ్ళు ఎండలో కూర్చుంటే మీకు వెయ్యదూ?"

ఆఫీసరు కాగితం తిరగేసి మళ్ళీ చదువుకున్నాడు. తేలాలని ఉంది. సొంతంగా కదలాలని ఉంది. లోపల పొడిగా ఉండాలని ఎక్కడా లేదు. "సరే, పీపా దాకా వెళ్ళి రండి," అని పక్కనే గట్టు రాయి మీద కూర్చున్నాడు.

బావ చేతికర్ర గట్టు మీద పెట్టేసి, వడ్రంగి భుజం పట్టుకుని దిగాడు. చుక్కాని పట్టుకున్నాక మాత్రం ఎవరి భుజమూ అవసరం పడలేదు. పిండిమర ఇంజను తుమ్మింది, రెండోసారి తుమ్మింది, మూడోసారి అందుకుంది. షావుకారు పనిలో పనిగా లెక్క పెట్టాడు. రేవు దాటేటప్పుడు నిమిషానికి నాలుగు బకెట్లు. పీపా దగ్గర మూడు. పీపా చుట్టూ తిరిగేటప్పుడు అల కొట్టి ఇంజను ఊపిరి బిగబట్టింది. బావ ఇంజను మీద అరచేత్తో ఒక దెబ్బ వేసి, "ఏడవకే" అన్నాడు. అది మళ్ళీ అందుకుంది. తిరుగు దారిలో రెండున్నర. గట్టుకి చేరేసరికి రెండు.

"నాలుగు నుంచి రెండు, బావా!"

"అరవకు. నేను చూస్తూనే ఉన్నాను."

ఆఫీసరు ముద్ర కొట్టాడు. సొంతదారు పేరు రాసుకుంటుంటే బావ, "ఇద్దరిదీ రాయండి" అన్నాడు.

"నాదెందుకు బావా?"

"సగం నీది."

"ఏ సగం?"

"నీళ్ళు కారే సగం."

తర్వాతి వారం కొట్టులో కూర్చుని షావుకారు లెక్క తేల్చాడు. మొత్తం ఖర్చు నలభై ఒక్క వేల మూడు వందలు. వడ్రంగి వచ్చి చూసి, ఈ రోజున అమ్మితే ముప్పై వేలు పలుకుతుందన్నాడు. అంటే పదకొండు వేల మూడు వందలు నష్టం. అందులో లప్పం, రెండోసారి కూలి, రెండోసారి పడవ దింపడానికి కట్టిన గట్టు అద్దె తన తెలివికి అయిన ఖర్చు. బావ వారానికి నాలుగు రోజులు సముద్రం మీదికి వెళ్తున్నాడు. అక్క వచ్చి, ఇంట్లో మనిషి కనపడటమే లేదు, పలకరించే దిక్కు లేదు అని తగువు పెట్టుకుని వెళ్ళింది. అది ఏ ఖాతాలో రాయాలో తెలియక వదిలేశాడు. బుధవారం, శనివారం మధ్యాహ్నం దాకా కొట్టు మూత అని తలుపు మీద అట్ట తగిలించాడు. ఆ పూటల బేరం కూడా నష్టం కిందే వేశాడు.

వచ్చింది మాత్రం ఒకటే: చుక్కాని దగ్గర కూర్చునే మనిషికి ఎదురుగా, బకెట్టు ఒళ్ళో పెట్టుకుని, తిట్లు తింటూ కూర్చునే చోటు.